ఎముక అతికితే చాలదు, మనిషి లేచి నడవాలి

తుంటి విరిగిందంటే ఇక ఆ మనిషి మంచానికే అని మన పల్లెల్లో ఒక మాట ఉంది. ముసలివాళ్లకైతే అది తలరాత కింద జమకట్టేస్తాం. ఇది తలరాత కాదనీ, ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతున్న వైద్యం ఫలితమనీ మేమంటున్నాం.

మా సంఘ సభ్యురాలైన ఒక ముసలమ్మ సంగతే చూడండి. డెబ్బయ్యేళ్లు దగ్గర పడుతున్నా నాట్లకీ, కలుపులకీ పోయేది. తెల్లవారుజామున దొడ్లో కాలు జారి పడింది. మూడు రోజులు నాటు కట్టుతో నెట్టుకొచ్చి, నొప్పికి ఆగలేక పట్నం తీసికెళ్లారు. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆరో రోజున ఇంగ్లీషు కాగితం ఒకటి చేతిలో పెట్టి, "ఎక్సర్‌సైజులు చేయించండి, పదిహేను రోజులకి రండి" అని పంపేశారు. ఏం చేయించాలో, ఎవరు చేయించాలో చెప్పిన నాథుడు లేడు. మేం చూడబోయేసరికి నలభై రోజులైంది. ఆమె మంచం దిగలేదు. నడుం కింద పుండు పడింది. "కదిపితే లోపల రాడ్డు ఊడిపోద్దేమోనని భయమేసిందన్నా" అంది కోడలు. అత్తను కనిపెట్టుకుని నలభై రోజుల కూలి పోగొట్టుకున్న ఆ పిల్లను తప్పుపట్టగలమా?

నిజానికి రాడ్డు వేసేదే మనిషిని త్వరగా లేపడానికి. డాక్టరు వద్దంటే తప్ప, ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే కూర్చోబెట్టాలి, వాకర్ పట్టించి నిలబెట్టాలి. పడుకునే ఉంటే కండ కరిగిపోతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, పుండ్లు పడతాయి. చాలాసార్లు ప్రాణం తీసేది విరిగిన ఎముక కాదు, ఆ పడకే. తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది లోపే చనిపోతున్నారని పలు దేశాల లెక్కలు చెబుతున్నాయి.

చీలమండ ఆడించడం, తొడ కండ బిగించి వదలడం, గట్టిగా ఊపిరి పీల్చడం — వీటికి పైసా ఖర్చు లేదు. కాని పక్కనుండి చూపించి, వారం వారం వచ్చి సరిదిద్దే మనిషి కావాలి. ఉన్నవాళ్ల ఇంటికి ఆ మనిషి రోజూ వస్తాడు. కూలివాళ్లు ఒక్క పూట ఫీజుకి ఒక రోజు కూలి ధారపోయాలి. అదే ఎముక, అదే ఆపరేషన్. ఒకరు లేచి నడుస్తారు, ఒకరు మంచాన పోతారు. వర్గ తేడా ఇక్కడా ఉంది.

కాగితం మీద లేదా అంటే ఉంది. 2010లో మొదలైన వృద్ధుల జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలోనూ, సామాజిక ఆరోగ్య కేంద్రంలోనూ ఫిజియోథెరపీ ఉండాలి. మంచాన పడ్డవాళ్ల ఇంటికి సిబ్బంది వెళ్లాలి. మన ఊళ్లలో ఎంతమంది ఇంటికి వచ్చారు? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పనిలో గాయపడి ఆసుపత్రిలో చేరితే కనీసం సగం కూలి ఇవ్వాలని రాశారు. ఆ హక్కు కూడా ఆసుపత్రి గేటు దాటలేదు. కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల భృతి ఇచ్చే పథకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో మొదలుపెట్టింది. అంటే ఇంటి దగ్గర కోలుకోవడమూ వైద్యంలో భాగమేనని పాలకులకీ తెలుసు. బ్రిటన్‌లో 2007 నుంచి తుంటి విరిగిన వృద్ధుల వివరాలు జాతీయ రిజిస్టరులో రాస్తున్నారు. మర్నాడు మంచం దించారా, 120 రోజులకు ఎలా ఉన్నారు అన్నది కూడా అందులోకి ఎక్కుతుంది. లెక్క రాస్తే జవాబు చెప్పాలి. మన దగ్గర ఆ లెక్క ఎవరు రాస్తున్నారు?

అందుకని మేం అడిగేవి ఇవి. ఇంటికి పంపేటప్పుడు చేయాల్సిన కసరత్తులు తెలుగులో, బొమ్మలతో రాసివ్వాలి. ఇంటివాళ్ల చేత ఒకసారి చేయించి చూడాలి. రోగి ఊరు చేరేసరికి ఏఎన్ఎంకి, ఆశా కార్యకర్తకి కబురు అందాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపిస్టును పెట్టాలి, వాకర్లు ఉచితంగా ఇవ్వాలి. ఎముకలు గుల్లబారకుండా మందులు, చూపు పరీక్ష కూడా జరగాలి. లేకపోతే రెండో తుంటీ విరుగుతుంది. రోగికీ, కనిపెట్టుకుని ఉన్నవాళ్లకీ కూలి నష్టం కట్టివ్వాలి.

ఆ ముసలమ్మ కోసం మా కార్యకర్తలు ఒక ఫిజియోథెరపిస్టును బతిమాలి తీసికెళ్లారు. ఆయన కోడలికి నేర్పాడు. రెండు నెలలకు వాకర్ పట్టుకుని గడప దాకా వచ్చింది. మాకు సంతోషమే. కాని బతిమాలి తెచ్చుకునేది హక్కు కాదు. ఊరికో సభ్యుడు వాడవాడా తిరిగి, తుంటి విరిగి మంచాన ఉన్నవాళ్ల పేర్లు రాయండి. ఎన్నాళ్లయింది, ఎవరైనా వచ్చి చూశారా అన్నదీ రాయండి. ఆ జాబితాలు పట్టుకుని కలెక్టరాఫీసుకి పోదాం.