ప్రమాదమంటే ఏమరుపాటే

ప్రతి ఉదయం వార్తాపత్రికలో ‘ఘోర రోడ్డు ప్రమాదం’ అనే శీర్షిక కనిపిస్తుంది. అయ్యో అనుకొని పుట తిప్పేస్తాం. పిడుగుపాటులాగా, ఉప్పెనలాగా మనిషి చేతిలో లేని ఆపద ఏదో వచ్చి పడిందన్న అర్థంలో ‘ప్రమాదం’ అనే మాటను వాడడం మనకు అలవాటైపోయింది. కాని సంస్కృతంలో ఈ పదానికి అసలు అర్థం ఏమరుపాటు. ప్రమత్తుడంటే ఏమరిన వాడు. అప్రమత్తుడంటే ఏమరని వాడు. కారణాన్ని చెప్పే పదాన్ని ఫలితానికి పేరుగా పెట్టి, కారణాన్ని మాత్రం మరచిపోయాం. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ‘యాక్సిడెంట్’ అనే పదాన్ని తన పుటలలో వాడకూడదని నిర్ణయించుకుంది. ముందుగా ఊహించగలిగిన, నివారించగలిగిన గాయాలకు ఆ పేరు తగదన్నదే దాని వాదం. మన భాషలోని పదాన్ని బహిష్కరించవలసిన అవసరం లేదు. దాని అర్థాన్ని గుర్తు చేసుకుంటే చాలు.

వాహనం నడుపుతూ సెల్‌ఫోన్ వాడడం ఈ ఏమరుపాటుకు నేటి ప్రధాన రూపం. శిరస్త్రాణానికీ చెంపకూ నడుమ ఫోన్ ఇరికించుకొని స్కూటరు నడిపేవారు, మెడ ఒకవైపు వంచి భుజంతో ఫోన్ నొక్కిపెట్టి మోటారు సైకిలు నడిపేవారు, ఒడిలో ఫోన్ పెట్టుకొని సందేశాలు చదువుతూ కారు నడిపేవారు మన వీధుల్లో కోకొల్లలు. మద్యం సేవించి వాహనం నడిపే యువకుడికి పిల్లనివ్వడానికి మనం సందేహిస్తాం. ఫోన్‌లో మాట్లాడుతూ నడిపే వాడిని మాత్రం తీరిక లేని మనిషి అని గౌరవిస్తాం. ఈ తారతమ్యానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

మొదట లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగే వాహనం ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. ఫోన్ తెరపై పేరు చూసి, తీయాలో వద్దో నిర్ణయించుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకుంటే, ఆ వాహనం 50 మీటర్లు చూపు లేకుండా ప్రయాణించినట్లే. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అదే మూడు సెకన్లకు 80 మీటర్లు దాటుతుంది. కళ్ళకు గంతలు కట్టుకొని అంత దూరం నడపమంటే ఎవరూ ఒప్పుకోరు. ఫోన్ మోగితే మాత్రం అందరూ ఒప్పుకుంటున్నారు.

‘నేను చేత్తో పట్టుకోను, చెవిలో పెట్టుకొని మాట్లాడతాను, కాబట్టి దోషం లేదు’ అనేది చదువుకున్నవారి వాదన. ఇది చెల్లదు. 1997లో టొరాంటోకు చెందిన పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం, ఫోన్ సంభాషణ సాగే సమయంలో వాహనం ఢీకొనే అవకాశం దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుందని తేల్చింది. చేతితో పట్టుకోని ఫోన్ల వలన అదనపు రక్షణ ఏదీ దానిలో కనిపించలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో గాయపడి ఆసుపత్రులకు వచ్చిన చోదకులపై జరిగిన అధ్యయనమూ ఇదే చెప్పింది. 2006లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కృత్రిమ చోదన యంత్రంపై పరీక్షించినపుడు, ఫోన్‌లో మాట్లాడేవారి అసమర్థత 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారి అసమర్థతతో పోల్చదగినంతగా ఉంది. మన చట్టం మద్యానికి విధించిన హద్దు 30 మిల్లీగ్రాములే.

దీనికి కారణం చేతిలో లేదు, మస్తిష్కంలో ఉంది. కన్ను చూసినదంతా మెదడు గ్రహించదు. అవధానం ఎటు ఉంటే అటే గ్రహిస్తుంది. సంభాషణలో మునిగిన చోదకుడి రెటీనాపై దారి దాటుతున్న బాలుడి ప్రతిబింబం పడుతుంది, కాని ఆ బాలుడు అతనికి ‘కనబడడు’. ‘పక్క సీటులో ఉన్నవారితో మాట్లాడడం లేదా?’ అని అడుగుతారు. పక్కనున్న మనిషి కూడా దారిని చూస్తూ ఉంటాడు. లారీ అడ్డం వస్తే మాట ఆపుతాడు, అవసరమైతే హెచ్చరిస్తాడు. ఫోన్‌లో అవతలి వ్యక్తికి ఆ లారీ కనబడదు. కనుక మాట ఆపడు.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న 184వ సెక్షన్, వాహనం నడుపుతూ చేతిలో పట్టుకునే సమాచార సాధనాలను వాడడాన్ని ‘ప్రమాదకరమైన చోదనం’గా పేర్కొన్నది. మొదటి నేరానికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి నిబంధనలలో ఒకే ఒక మినహాయింపు ఉంది: దారి తెలుసుకోవడానికి మాత్రమే, ఏకాగ్రత చెడకుండా వాడవచ్చు.

ఏమరుపాటు వలన ఒక ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వర్తిస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. 2024 జూలై 1 నుంచి అది ఐదేళ్ళు. తీవ్రమైన గాయం కలిగిస్తే 125వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. మైనరు బాలుడు ఇటువంటి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ అతని సంరక్షకుడిని లేదా వాహన యజమానిని దోషిగా నిలబెడుతుంది. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. వాహనం రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ బాలుడికి 25 ఏళ్ళు నిండే వరకు లైసెన్సు రాదు.

ఇంత కఠినంగా కనిపించే చట్టం వీధిలోకి వచ్చేసరికి ఎందుకు మెత్తబడుతోంది? అదే చట్టంలోని 200వ సెక్షన్ ఒక చిన్న తలుపు తెరచి ఉంచింది. 184వ సెక్షన్‌లోని నేరాలలో ఫోన్ వాడకాన్ని మాత్రమే, రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన సొమ్ము చెల్లించి కోర్టు బయట ముగించుకోవచ్చునన్నది. జైలు శిక్ష కాగితంపై మిగిలింది, చేతికి చలానా వచ్చింది. సంపన్నుడికి అది సినిమా టికెట్ల ఖర్చు. ఏడాదికోసారి చలానాలన్నీ కూడబెట్టి, రాయితీ ప్రకటిస్తారేమోనని ఎదురుచూసేవారు కూడా ఉన్నారు. ఒకరి ప్రాణాన్ని పణంగా పెట్టినందుకు చెల్లించే మూల్యంలో కూడా తగ్గింపు కోరుకుంటున్నాం!

అయితే ఆ 200వ సెక్షనే మరొక మాట చెప్పింది. దానిని ఎవరూ చదవడం లేదు. సొమ్ము కట్టినంత మాత్రాన 206వ సెక్షన్ నాలుగవ ఉపవిభాగం కింద చర్య తప్పదు. దాని ప్రకారం 184వ సెక్షన్ నేరం జరిగిందని నమ్మిన పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకొని, అనర్హత విధింపు కోసం లైసెన్సింగు అధికారికి పంపాలి. ‘పంపవచ్చు’ అని కాదు, ‘పంపాలి’ అని ఉంది. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ, ఫోన్ వాడుతూ నడిపేవారి లైసెన్సును కనీసం మూడు నెలలు నిలిపివేయాలని 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది. లక్షాధికారికైనా కూలివాడికైనా మూడు నెలలు మూడు నెలలే. సమానంగా తగిలే శిక్ష ఇదొక్కటే. దీనిని పక్కనపెట్టి కెమెరాతో ఫొటో తీసి చలానా పంపడంతో సరిపెట్టినంత కాలం, ‘ఇదంతా ఖజానా నింపుకోవడానికే’ అనే జనవాక్యానికి ప్రభుత్వం వద్ద సమాధానం ఉండదు.

2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి నలభైమందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. వీరిలో ఎందరి చావుకు ఫోన్ కారణమో నికరంగా తేలదు. రక్తంలో మద్యాన్ని కొలవడానికి యంత్రం ఉంది, ఏమరుపాటును కొలవడానికి లేదు. అయితే ఫోన్ కంపెనీ వద్ద కాల్ వివరాలు నిమిషాలు, సెకన్లతో సహా ఉంటాయి. ప్రాణం పోయిన ప్రతి కేసులోనూ వాటిని తెప్పించడం దర్యాప్తులో తప్పనిసరి భాగం కావాలి. రోగకారణం వెదకకుండా చికిత్స చేయడం వైద్యంలో ఎంత తప్పో, ఇక్కడా అంతే తప్పు.

తలకు దెబ్బ తగిలి బతికి బయటపడిన వారి గురించి గణాంకాలు మౌనం వహిస్తాయి. మెదడులోని నరాల తంతువులు తెగితే స్కానింగులో పెద్దగా కనబడకపోవచ్చు, కాని ఆ మనిషి మళ్ళీ మునుపటి మనిషి కాడు. జ్ఞాపకం, మాట, కోపం మీద అదుపు సడలిపోతాయి. మెడ వద్ద వెన్నుపాము తెగితే పాతికేళ్ళ కుర్రవాడికి నోటిలో ముద్ద పెట్టడానికి ముసలితల్లి మిగులుతుంది. ఏ 106వ సెక్షన్ ఆమె ఋణం తీర్చగలదు?

చివరిగా, ఫోన్ చేసేవారి బాధ్యతను మరువరాదు. ‘ఎక్కడున్నావు?’ అని పది నిమిషాలకోసారి అడిగే ఇంటివారు, డ్రైవరు ఫోన్ ఎత్తకపోతే మందలించే యజమానులు, ఆహారపు పొట్లం చేరవేసే కుర్రవాడిని దారిలో వరుసగా పిలిచే మనమందరం ఈ నేరంలో చట్టం పేర్కొనని భాగస్వాములం. అవతలివారు వాహనం నడుపుతున్నారని తెలిసిన మరుక్షణం ‘పక్కకు ఆపి చేయండి’ అని పెట్టేయడం మన కనీస ధర్మం.

అత్యవసరమైన పిలుపు అంటారా? నిజంగా అత్యవసరమైతే బండి పక్కకు ఆపడానికి అది చాలినంత కారణం. ఆపదగినంత ముఖ్యం కాని కబురు, ఒక మనిషి ప్రాణం కంటే ముఖ్యం ఎలా అవుతుంది?