తెగిన లింకును అతికించుకొనుట ఎలా?



అమరావతి, తాడికొండ మొదలుకొని పర్చూరు, ఒంగోలు వరకు మన పత్తి, మిరప పల్లెలలో చాలా ఇళ్ళకు ఇప్పుడు ఫోనులోనే ఉత్తరాలు వచ్చుచున్నవి. అమ్మాయి కాలేజీ దరఖాస్తు, అబ్బాయి పరీక్ష హాల్ టికెట్టు, దూరదేశంలో ఉన్న బిడ్డ పంపిన ఫోటోలు, అన్నీ ఈమెయిలులోనే. “ఈ లింకు నొక్కి మీ దరఖాస్తును ధ్రువపరచండి, ఫలానా తేదీ ఆఖరు” అని ఉంటుంది. నొక్కితే “పేజీ దొరకలేదు” అని వస్తుంది. ఇంటిల్లిపాదికీ కంగారు. సీటు పోయినట్లేనని పిల్ల ఏడుస్తుంది. నిజానికి చాలాసార్లు పోయినది సీటు కాదు, లింకులో ఒక ముక్క మాత్రమే. దానిని ఇంటిలోనే సరిచేసుకొనవచ్చును. ఈ నెల ఆ సంగతి చూద్దాము.

లింకు ఎందుకు తెగుతుంది?

పాత కంప్యూటరు తెరల మీద ఒక వరుసకు 80 అక్షరాలే పట్టేవి. ఆ అలవాటును బట్టి ఈమెయిలు నియమాలలో ఒక వరుస 78 అక్షరాలు మించకుంటే మంచిదని వ్రాసిపెట్టారు. అందుచేత కొన్ని ఈమెయిలు ప్రోగ్రాములు పొడవైన వరుసను మధ్యలో విరిచి క్రింది వరుసకు దించుతాయి. మామూలు మాటలకు దీనివలన నష్టం లేదు. లింకును విరిస్తే మాత్రం మొదటి ముక్క ఒక్కటే నీలిరంగులో గీత గీసినట్లు కనబడుతుంది, రెండవ ముక్క ఉత్త అక్షరాలుగా క్రింద పడి ఉంటుంది. మనము నొక్కేది సగం చిరునామా. ఇంటి నంబరు లేని ఉత్తరం పోస్టుమ్యాన్ చేతికి ఇచ్చినట్లే.

మన తెలుగు లింకులకు ఈ బాధ మరీ ఎక్కువ. తెలుగు వికీపీడియాలో “అమరావతి” అను పుట చిరునామానే తీసుకొనండి. ఆ పేరులో అయిదు అక్షరాలు, ఒక దీర్ఘము, ఒక గుడి, వెరసి 7 గుర్తులు. లింకును కాపీ చేసినప్పుడు ఒక్కొక్క తెలుగు గుర్తు శాతం గుర్తులతో కూడిన 9 అక్షరాలుగా మారిపోతుంది. అంటే పేరు ఒక్కటే 63 అక్షరాలు. దాని ముందుండే భాగం మరొక 30. మొత్తం 93. ఇంత చిన్న పేరే 78 దాటిపోయినది! శాతం గుర్తులు చూసి వైరస్ అని భయపడనక్కరలేదు. అది మన తెలుగే, వేషం మార్చుకొన్నది.

అతికించే విధానము

1. నీలిరంగు ముక్కను నొక్కవద్దు. లింకు మొదటి అక్షరం నుండి క్రింది వరుసలోని చివరి అక్షరం వరకు వేలితో ఎంచుకొని కాపీ చేయండి.

2. ఫోనులో నోట్స్ వంటి ఖాళీ పుటలో దానిని పేస్ట్ చేయండి. వరుస విరిగిన చోట ఖాళీ లేకుండా రెండు ముక్కలను కలపండి. నూలు తెగితే ముడి వేస్తాము. ఇక్కడ ముడీ ఉండరాదు, సందూ ఉండరాదు.

3. ఒకరి నుండి మరొకరికి పంపబడిన ఉత్తరమైతే వరుస మొదట బాణపు మొన వంటి గుర్తు చేరి ఉండవచ్చు. కొన్నిసార్లు వరుస చివర సమానం గుర్తు ఒకటి అంటుకొని ఉంటుంది. విరిగిన చోట చేరిన ఈ గుర్తులను తీసివేయండి. అయితే వరుస చివర చిన్న అడ్డగీత ఉంటే తొందరపడి తీయకండి. అది చాలావరకు చిరునామాలోనిదే. ముందు దానిని ఉంచి చూడండి, తెరుచుకోకపోతే తీసి చూడండి.

4. లింకు చివర చుక్క, కామా, బ్రాకెట్టు ఉంటే తీసి చూడండి. అవి వాక్యానికి చెందినవి కావచ్చు.

5. ఇప్పుడు మొత్తం కాపీ చేసి బ్రౌజరులో చిరునామా వ్రాసే చోట పెట్టండి.

అప్పటికీ తెరుచుకోకపోతే లింకు తెగలేదు, గడువు తీరినదని అనుకొనవచ్చు. ధ్రువీకరణ లింకులు కొన్ని ఒక్కసారికే, కొన్ని కొద్ది గంటలకే పనిచేస్తాయి. ఆ సంస్థ వెబ్‌సైటుకు నేరుగా వెళ్ళి, మరల లింకు పంపమని కోరండి. ఆఖరు తేదీ వరకు ఆగకుండా ఉత్తరం వచ్చిన రోజే తెరవమని మేము చెప్పుట ఇందుకే.

పంపేవారికి ఒక మాట

మనము తెలుగులో విభక్తిని మాటకు అతికించి వ్రాస్తాము. లింకు వ్రాసి దానికి ఆనించి “లో చూడండి” అని వ్రాస్తే, కొన్ని ప్రోగ్రాములు ఆ “లో”ను కూడా చిరునామాలో కలిపివేస్తాయి. కాబట్టి లింకును వేరే వరుసలో ఒంటరిగా వ్రాయండి. చివర చుక్క పెట్టకండి. పొట్టి లింకులు చేసి పంపుట సులువే గాని వాటిని శాశ్వతమని నమ్మరాదు. గూగుల్ వారి పొట్టి లింకుల సేవలో 2019 నుండి కొత్తవి చేయుటకు వీలు లేకపోయినది. చాలాకాలం వాడని పాతవాటిని 2025 ఆగస్టు 25 నుండి ఆపివేస్తామని వారు ప్రకటించారు.

అతికించే ముందు ఆలోచించండి

అన్నిటికన్న ముఖ్యమైనది ఇది. తెగిన లింకును బాగుచేయుట నేర్చినవారు, బాగుచేయకూడని లింకును గుర్తించుట కూడా నేర్వాలి. లింకులో మూడవ ఏటవాలు గీతకు ముందున్న పేరును వెనుక నుండి చదవండి. ప్రభుత్వపు చిరునామా అయితే అది “జి.ఓ.వి. డాట్ ఇన్” అని ముగుస్తుంది. కొన్ని ప్రభుత్వ సంస్థలకు వేరే ముగింపులు ఉన్నవి గాని, ఆ మాటలు పేరు మొదట్లోనో మధ్యలోనో ఉండి చివర ఇంకేదో ఉంటే మోసమని అనుమానించండి. రైతు సాయం డబ్బులనీ, వాహనపు జరిమానా అనీ వచ్చిన లింకును నొక్కి, “ఏ.పి.కె.” అను ఫైలును ఫోనులో ఎక్కించుకొని, బ్యాంకు ఖాతా పోగొట్టుకొన్నవారు ఉన్నారు. మిరప అమ్మిన డబ్బు ఏడాది కష్టం. పోవుటకు నిమిషం చాలును. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

చదువుకొన్న యౌవనస్థులారా, మీకు ఇది రెండు నిమిషాల పని. పొరుగింటి పెద్దమ్మ ఫోను పట్టుకొని వచ్చినప్పుడు విసుగుకొనక, లింకు అతికించి ఇవ్వండి. ఎలా అతికించారో ఆమెకు కూడా చూపించండి. మరుసటిసారి ఆమె మరొకరికి చూపుతుంది.

మీ సందేహములను మాకు వ్రాయండి. వీలును బట్టి ఈ పుటలోనే జవాబిస్తాము.