వీపున సంచి, కాలినడక

నేను ముప్పది యేండ్లు తెలుగుతోబాటు భూగోళమును కూడ బోధించితిని. ఉత్తరాఫ్రికా యనగా ఇసుక, ఒంటె, ఖర్జూరపుచెట్టు అని చెప్పి పుట త్రిప్పుచుంటిని. ఇటీవల నా పూర్వవిద్యార్థి యొకడు వీపున సంచి తగిలించుకొని, మొరాకో దేశమున మూడు వారములు కాలినడకన తిరిగి వచ్చెను. "మాస్టారూ! తాము చెప్పిన యిసుకను చూచితినండీ. కాని అంతకుముందు మంచులో వణకితిని" అని నవ్వెను. నాకు సిగ్గు కలిగెను.

అతడు చెప్పినది సత్యము. ఆ దేశము నడుమ అట్లాసు పర్వతములు గోడవలె నిలిచియున్నవి. వానిలో తుబ్కాల్ శిఖరము ఎత్తు 4,167 మీటర్లు. శీతకాలమున దానిని మంచు కప్పును. సముద్రపు తేమగాలులను ఈ కొండలు అడ్డగించుటచే ఉత్తరపు వైపున పైరుపచ్చలును, దక్షిణమున ఎడారియు ఏర్పడినవి. కొండవాలులపై అమజిగ్ జనులు మెట్లుమెట్లుగా మళ్లు కట్టి, సన్నని కాలువలతో నీరు పారించి, బార్లీని, అక్రోటు కాయలను పండింతురు. వారి భాషకు తిఫినాగ్ అను లిపి కలదు. 2011వ సంవత్సరపు రాజ్యాంగము అరబ్బీతోబాటు ఆ భాషకును అధికారభాషా స్థానమిచ్చినది. మోటారుబండిలో పరుగెత్తువానికి ఈ కాలువలు కనబడవు, ఈ మాటలు వినబడవు.

ఇట్టి ప్రయాణము తిరుగుబోతుతనమని పెద్దలు కొందరందురు. నేను ఒప్పుకొనను. ఆ దేశపు టాంజియరు పట్టణమున పుట్టిన ఇబ్న్ బతూతా, 1325లో ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున ఒంటరిగా ఇల్లు విడిచెను. మన ఢిల్లీకి వచ్చి, ముహమ్మద్ బిన్ తుగ్లకు కొలువున న్యాయాధికారిగా పనిచేసెను. అతడు చెప్పి వ్రాయించిన యాత్రాగ్రంథమును చరిత్రకారులు నేటికిని చదువుచున్నారు.

అయినను నడచినంత మాత్రమున జ్ఞానము రాదు. 2023 సెప్టెంబరు 8వ తేదీ రాత్రి ఆ కొండలలో భూకంపము సంభవించి, సుమారు మూడువేలమంది మరణించిరి. మట్టితో, రాతితో కట్టిన యిండ్లెన్నియో కూలినవి. తన యింటిని మరల కట్టుకొనుచున్న యొక కుటుంబము మా విద్యార్థిని పిలిచి పుదీనా తేనీరిచ్చినదట. అతడు ఫోటో తీయుటకు చేయెత్తి, మరల దించి, సాయంకాలము వరకు వారితో రాళ్లు మోసెనట. పరుల దుఃఖమును వేడుకగా చూచువాడు ఎన్ని దేశములు తిరిగినను యాత్రికుడు కాడని నా యభిప్రాయము.

ఆఫ్రికాకు పోవుటకు ధనము కావలెను. చూచుట నేర్చుకొనుటకు అక్కరలేదు. ఈ ఆదివారము మీ యూరి చెరువుకట్టపై నడవుడు. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో, ఎవరి పొలమునకు పోవుచున్నదో, అచ్చట పనిచేయువారిని మర్యాదగా అడిగి తెలిసికొనుడు.