మన ఫారంలో 'రంగు' గడి ఇక వద్దు

వధూవరుల పరిచయ వేదికకు బయోడేటా ఫారాలు అచ్చుకు వెళ్లబోతున్నాయి. అంతకు ముందే ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన హోసూరు కుటుంబాల్లోనే ఒక అమ్మాయి ఉంది. పేరు, వీధి చెప్పం. పేరు లేకుండా రాయమని ఆమే అంది. కరోనా పోయి మనమందరం మాస్కులు తీసేశాక కూడా ఆ పిల్ల తీయలేదు. జాగ్రత్త గల పిల్ల అనుకున్నాం. పెళ్ళిళ్ళకు రావడం మానేస్తే చదువు ఒత్తిడి అనుకున్నాం. అసలు సంగతి వేరు. తన ముక్కు వికారంగా ఉందని, అందరూ దాన్నే చూస్తున్నారని ఆమె నమ్మకం. రోజూ గంటల తరబడి అద్దం ముందే. "నిజం చెప్పమ్మా, బాగుందా?" అని తల్లిని అడిగిందే అడిగేది. చివరికి కాలేజీ మానేసింది.

తండ్రి చీటీ పాడి డబ్బు తెచ్చి, ముక్కుకు ఆపరేషన్ చేయిద్దామని బెంగళూరు తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు అరగంట మాట్లాడి, "ఈ ముక్కుకు ఆపరేషన్ అక్కర్లేదు. ముందు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళండి" అన్నాడు. తండ్రికి కోపం వచ్చింది, "మా పిల్లకేం పిచ్చా?" అని. ఆ కోపం తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈ జబ్బు పేరు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్. కొత్తగా పుట్టింది కాదు. ఇటలీ వైద్యుడు మోర్సెల్లి 1891లోనే దీని గురించి రాశాడు. ఇతరులకు కనిపించని, కనిపించినా లెక్కలోకి రాని చిన్న లోపం ఆ మనిషికి కొండంత అవుతుంది. నూటికి ఇద్దరి దాకా ఉంటుందని వైద్యుల అంచనా. ఎక్కువగా పన్నెండు పదమూడేళ్ళ వయసులో మొదలవుతుంది. ఆడపిల్లల జబ్బు అనుకోకండి. మగపిల్లలకూ ఇంచుమించు అంతే వస్తుంది. జుట్టు రాలుతోందని టోపీ తీయనివాడు, ఎంత కండ పెరిగినా బక్కగానే ఉన్నానని జిమ్ము వదలనివాడు మన ఇళ్ళలో లేరా? ఆపరేషన్ చేయించినా చాలామందికి దిగులు పోదు, లేదా ఇంకో చోటికి మారుతుంది. "బాగానే ఉన్నావులే" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ నమ్మకం గంటసేపు నిలవదు. చచ్చిపోదామన్న ఆలోచనలు వీళ్ళలో ఎక్కువ. కాబట్టి దీన్ని సోకు అని కొట్టిపారేయకూడదు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. ఆ పిల్లకు పన్నెండేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో మన పెద్దాయన ఒకరు, "ఈ ముక్కుకు ముక్కెర చాలదు, వడ్డాణం పెట్టాల్సిందే" అన్నారు. పంక్తిలో అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాం. మాట ఒక్కటే జబ్బు తెస్తుందని అనడం లేదు. పుట్టుకతో వచ్చే స్వభావం, ఇంకా ఎన్నో కారణాలుంటాయని డాక్టర్లే చెబుతారు. కానీ ఆ పిల్ల డాక్టరుకు మొట్టమొదట చెప్పింది ఆ పెళ్ళి పంక్తి గురించేనట.

అందుకే ఈ ఫారం గురించి అడుగుతున్నాం. 'రంగు: తెలుపు / చామనచాయ / నలుపు' అని సంఘం ముద్ర వేసి మనమే అచ్చు వేస్తున్నాం. "గడి తీసేస్తే ఫొటో చూడరా?" అని ఒక అన్న అడిగారు. చూస్తారు. చూసుకోవడం ఆ రెండు కుటుంబాల ఇష్టం. కానీ పిల్ల తన చేత్తో తన ఒంటికి మార్కు వేసుకునేలా చేయడం సంఘం పని కాదు. క్రీము అమ్మే కంపెనీ కూడా 2020లో తన డబ్బా మీద 'ఫెయిర్' అన్న మాట తీసేసింది. నల్లనయ్యకు హారతి పట్టే మనకు అంతకంటే ఆలస్యమా?

మేం కోరేవి మూడు. ఒకటి, ఫారంలో రంగు గడి తీసేయాలి. రెండు, వేదిక మీద ఎవరి ఒడ్డూ పొడుగూ మీద మైకులో జోకులు వద్దు. మూడు, ఫారం వెనక 14416 నంబరు వేయాలి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. హోసూరు నుంచి బస్సెక్కితే నిమ్హాన్స్ ఎంతో దూరం కాదు. మాటలతో చేసే చికిత్స ఉంది, మందులూ ఉన్నాయి. గుణం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది. మధ్యలో మానకూడదు.

ఆ అమ్మాయి మళ్ళీ కాలేజీకి వెళ్తోంది. బస్సులో ఇంకా మాస్కు వేసుకుంటుంది, క్లాసులో తీస్తుంది. ఈసారి మన వేదికకు వాలంటీరుగా వస్తానంది. ఆమె చేతికి ఏ ఫారాల కట్ట ఇద్దామో కమిటీ మీటింగు లోపల మీ అభిప్రాయం చెప్పండి.