కన్ను వాచినరోజే ముక్కు పరీక్ష జరగాలి

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ పేరుతో జనాన్ని హడలెత్తించిన మ్యూకర్‌మైకోసిస్ కోవిడ్‌తో వచ్చి కోవిడ్‌తోనే పోయిందనుకోవడం పొరపాటు. ఆ ఏడాది జూన్ 28 నాటికి దేశంలో నమోదైన 40,845 కేసుల్లో 26,187 మంది మధుమేహ రోగులేనని కేంద్రం లెక్క చెప్పింది; ఆ మధుమేహం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది.

మట్టిలోనూ కుళ్లిన ఆకుల్లోనూ పెరిగే ఈ బూజు నల్లనిది కాదు. అది రక్తనాళాల్లోకి చొరబడి రక్తాన్ని గడ్డకట్టించడం వల్ల చచ్చిన కండ నల్లబడుతుంది. దాని బీజాలను అందరమూ పీలుస్తూనే ఉంటాం గాని, రక్తంలో చక్కెర మితిమీరి, ఆమ్లత్వం పెరిగి, ఇనుము విడివడిన ఒంట్లో, స్టెరాయిడ్లు రక్షణశక్తిని తగ్గించిన ఒంట్లో అది పాతుకుంటుంది. ముక్కు పక్కన ఉండే గాలిగదులకు, అంటే సైనస్‌లకు, కంటిగుంతకు నడుమనున్న ఎముక కాగితమంత పలచన కనుక, కంటికి పాకడానికి దానికి రోజులు చాలు.

ఆ రోజులే మన దగ్గర వృథా అవుతున్నాయి. పన్ను కదిలితే దంతవైద్యుని దగ్గరికి, రెప్ప వాలితే కంటి వైద్యుని దగ్గరికి, బుగ్గ తిమ్మిరెక్కితే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తిరిగే రోగికి, ఇవన్నీ ఒకే జబ్బు గుర్తులని చెప్పేవారు తొలి మెట్టులో ఉండరు. ముక్కులోని నల్లటి పెచ్చును కాస్త తీసి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కొద్దిసేపు ఆగి మైక్రోస్కోప్ కింద చూస్తే, అడ్డుగోడలు దాదాపు లేని వెడల్పాటి రిబ్బను పోగులు కనిపిస్తాయి. మలేరియాకు రక్తాన్ని, క్షయకు కఫాన్ని చూసే మైక్రోస్కోప్ ఉన్నచోట ఈ పరీక్షకు కావలసింది ఒక మందుసీసా, కొంత శిక్షణ మాత్రమే. పోగులు కనిపించనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు; అనుమానం మిగిలితే ముక్కులోకి కెమెరా గొట్టం పంపి చూడవలసిందే.

తెలంగాణ ప్రభుత్వం 2021 మేలో దీన్ని ప్రభుత్వానికి తప్పక తెలపవలసిన వ్యాధిగా ప్రకటించింది, ఆంధ్రప్రదేశ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. మంచి పనులే, కాని అవి జబ్బు తేలిన తరువాత అక్కరకొచ్చేవి. ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఈ పరీక్ష రోగి వచ్చిన రోజే జరగాలి. పోగులు కనిపించిన రోగిని ఆంఫోటెరిసిన్ మందు, చచ్చిన కండను తొలగించే శస్త్రచికిత్స రెండూ దొరికే పెద్దాసుపత్రికి ఆ రాత్రే 108లో చేర్చాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఈ మేరకు ఉత్తర్వులివ్వాలి. అంతవరకు, మధుమేహులెవరికైనా ముఖం ఒకవైపే నొప్పి పెట్టినా, వస్తువు రెండుగా కనిపించినా, ఆ రోజే చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడండి.