మునిగిన బండికి ముందు తాళంచెవి తీసెయ్యండి

ఈ వారం మాకొచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఇక్కడ టెక్సాస్‌లో ఒక నర్సరీలో పనిచేస్తున్న తమ్ముడిది. "అన్నయ్యా, వాగు దాటుతుంటే యజమాని ఏటీవీ సీటుదాకా మునిగి ఆగిపోయింది. తాడు కట్టి బయటికి లాగాం. ఆయన రేపు వస్తాడు. ఈలోగా ఎలాగైనా స్టార్ట్ చెయ్యాలి. లేకపోతే జీతంలో కోస్తాడేమో" అని అడిగాడు.

మేం ఆఫీసులో కాగితాలు చూసుకునే గుమాస్తాలం, మెకానిక్కులం కాము. కానీ బళ్ళు విప్పి బిగించే మనవాళ్ళను అడిగి, మాన్యువల్ చదివి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మొదటి మాట ఇది. "ఈలోగా ఎలాగైనా" అన్న తొందరే ఇంజన్‌ను చంపుతుంది. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి.

ఎందుకంటే, గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. సిలిండర్‌లో నీళ్ళుండగా స్టార్టర్ మీట నొక్కితే పైకొచ్చే పిస్టన్ ఆ నీళ్ళకు తగిలి ఆగిపోతుంది. దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయిల్ మార్చి బాగుచేసుకోగలిగిన బండి అక్కడితో ఇంజన్ విప్పదీసే ఖర్చులోకి వెళ్తుంది.

ఇది వాగులో దిగినవాళ్ళ గొడవే కాదు. 2017 ఆగస్టులో హరికేన్ హార్వీ వచ్చినప్పుడు నెదర్లాండ్ అనే ఊళ్ళో 60 అంగుళాలకు పైగా వాన పడింది. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల నీళ్ళు వదిలాక పడమటి హ్యూస్టన్‌లో ఇళ్ళు మునిగాయి. గరాజుల్లో ఉన్న బళ్ళూ వాటితోపాటే మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో స్కూటర్లు, ఆటోలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అక్కడైనా ఇక్కడైనా బండికి సూత్రం ఒకటే.

ఇక పని చూద్దాం. ముందు అన్ని వైపులనుంచీ ఫోటోలు తీయండి. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో బురద గీత కనపడాలి. వరద నీళ్ళలో మురుగు కలుస్తుంది కాబట్టి చేతులకు గ్లవ్స్ వేసుకోండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. మంచినీళ్ళతో బురద కడగండి. సముద్రపు నీళ్ళైతే ఈ కడగడం మరీ ముఖ్యం. ఉప్పు మిగిలితే బండి ఆరిన తర్వాత కూడా తినేస్తూనే ఉంటుంది.

ఎయిర్ బాక్స్ మూత తీసి చూడండి. ఫిల్టర్ పొడిగా ఉంటే సగం గండం గడిచినట్టే. తడిసి ఉంటే ఇంజన్‌లోకి నీళ్ళు వెళ్ళాయనే అనుకోండి. బాక్స్ తుడిచి ఆరబెట్టండి. ఫిల్టర్ కాగితందైతే కొత్తది వెయ్యండి.

తర్వాత కింద బోల్టు విప్పి ఇంజన్ ఆయిల్ వంపండి. పాలు కలిసిన టీలా ఉంటే నీళ్ళు చేరినట్టే. ఆయిల్ మొత్తం దిగాక ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పొయ్యండి.

పెట్రోలు కంటే నీళ్ళు బరువు కాబట్టి ట్యాంకు అడుక్కి చేరతాయి. అనుమానముంటే పాత పెట్రోలంతా తీసెయ్యండి. కార్బొరేటర్ బండి అయితే దాని అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి గిన్నెలోది దించండి. ఈ పనంతా ఆరుబయట, సిగరెట్టూ నిప్పూ లేనిచోట చెయ్యాలి.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్ విప్పండి. విప్పిన ప్లగ్‌ను దాని క్యాప్‌లోనే ఉంచి, రంధ్రానికి దూరంగా ఇంజన్ ఇనుముకు ఆనించి పెట్టండి. తాడు లాగి స్టార్ట్ చేసే బండి అయితే మెల్లగా తిప్పండి. లేకపోతే వైర్ల కనెక్టర్లన్నీ ఆరాక బ్యాటరీ తగిలించి, మీట రెండు మూడు సెకన్ల చొప్పున నొక్కండి. రంధ్రంలోంచి నీళ్ళు చిమ్ముతాయి, మొహం అటు పెట్టకండి. నీళ్ళు రావడం ఆగేదాకా ఇలాగే చెయ్యండి. ప్లగ్ తీసినా ఇంజన్ తిరగకపోయినా, లోపల ఇనుము కొట్టుకున్న చప్పుడు వచ్చినా అక్కడితో ఆపండి. బండి నడుస్తుండగా మునిగితే రాడ్ అప్పుడే వంగి ఉండొచ్చు. అది షాపు పని.

అంతా బాగుంటే కొత్త ప్లగ్ వేసి స్టార్ట్ చెయ్యండి. మూసిన గరాజులో మాత్రం వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఎక్స్‌లేటర్ ఇవ్వకుండా కొద్ది నిమిషాలు నడిపి, ఆపి, ఆయిల్ చూడండి. మళ్ళీ టీ రంగు వస్తే మళ్ళీ మార్చండి. మూడు నాలుగుసార్లు మార్చాల్సి వచ్చినా ఆశ్చర్యపోకండి. మాన్యువల్‌లో చెప్పిన రకమే పొయ్యండి. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బళ్ళకు కొన్ని కారు ఆయిళ్ళు పోస్తే క్లచ్ జారుతుంది.

ఇంజన్ మోగగానే పని అయిపోయిందనుకుంటాం. కాలేదు. ముందు, వెనక డిఫరెన్షియళ్ళలో గేర్ ఆయిల్ కూడా చూడాలి. వేడి మీదున్న గేర్ పెట్టె చల్లటి నీళ్ళలో పడితే లోపలి గాలి కుంచించుకుని నీళ్ళను పీల్చుకుంటుంది. బెల్టుతో నడిచే బండి అయితే బెల్టు పెట్టె కింది బిరడా తీసి నీళ్ళు దించండి, తడి బెల్టు జారుతుంది. బ్రేకులు ఆరాయో లేదో మెల్లగా నడిపి చూసుకోండి. చక్రాల బేరింగులు కొన్ని వారాల తర్వాత గరగరలాడొచ్చు, మర్చిపోకండి.

వంపిన ఆయిల్‌ను కాలవలో పొయ్యకండి. మంచి పాత ఆయిల్‌ను చాలా ఆటోపార్ట్స్ షాపులు ఊరికే తీసుకుంటాయి. నీళ్ళు కలిసినదైతే వద్దనొచ్చు. దాన్ని మీ సిటీ లేదా కౌంటీ ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి.

ఇప్పుడు మా గుమాస్తాల పని, అంటే కాగితాలు. ఇంట్లోకి వరద వచ్చి బండి మునిగితే, మామూలు కారు పాలసీ ఏటీవీకి వర్తిస్తుందనుకోకండి, దానికి విడిగా పాలసీ ఉందేమో చూడండి. ఫెడరల్ వరద బీమాలో మోటారు బళ్ళకు డబ్బు రాదు. కానీ ఒక మినహాయింపు ఉంది. రోడ్డు లైసెన్సు లేని బండి, ముఖ్యంగా ఆ స్థలం పనులకే వాడేది, ఆ స్థలంలోని కట్టడం లోపలే మునిగితే వస్తుంది. అయితే సామాన్ల బీమా కూడా కట్టి ఉండాలి. నష్టం లెక్క సంతకం చేసి ఇవ్వడానికి మామూలుగా గడువు 60 రోజులు. అందుకే ఫోటోలు ముందు, స్పానర్ తర్వాత అన్నాం.

జీతం సంగతి. టెక్సాస్ పేడే చట్టం ప్రకారం కోర్టు ఉత్తర్వో, చట్టం అనుమతో ఉంటే తప్ప, మీరు రాసి ఇవ్వకుండా యజమాని జీతంలో కొయ్యకూడదు. పనిలో చేరినప్పుడు ఏయే కాగితాల మీద సంతకం పెట్టారో వెతికి చదవండి. కొత్త కాగితం ఇస్తే "ఇంటికి తీసుకెళ్ళి చదివి ఇస్తానండీ" అని చెప్పండి. కోసేస్తే టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ జీతం రావలసిన రోజునుంచి 180 రోజుల్లోపు చెయ్యాలి. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు అక్కడి లేబర్ ఆఫీసులో కనుక్కోండి.

యజమానికి దాచకుండా చెప్పండి. "సార్, బండి మునిగింది, నేను స్టార్ట్ చెయ్యలేదు, ఆయిల్ దించాలి" అన్న మాట రాడ్ వంగాక చెప్పే ఏ సంజాయిషీ కన్నా మేలు. బండి ఆయనదే, కానీ భయం మనది. ఆ భయంతో మీట నొక్కితే ఇద్దరికీ నష్టమే.

మీ బళ్ళ కష్టాలు, కాగితాల కష్టాలు మాకు రాస్తూ ఉండండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.