వేడినీటి బుగ్గల ఊరికి ఒంటరిగా వెళ్ళేవారికి

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు వ్రాశారు. వయసు 61. టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్ళుగా బి.పి., ఆరేళ్ళుగా మధుమేహం. రెండూ మాత్రలతో అదుపులోనే వున్నాయి. కొడుకు జపానులో ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరులో అక్కడికి వెళుతున్నారు. కొడుక్కి సెలవు దొరకని రోజుల్లో తానొక్కతే మత్సుయామా వెళ్ళి, దోగో వేడినీటి స్నానం చేసి, కోట చూసి, ఆ ఊరి భోజనం రుచి చూసి రావాలని ఆమె కోరిక. "ఈ వయసులో, ఈ జబ్బులతో ఒక్కదానివే ఎక్కడికని చుట్టాలందరూ భయపెడుతున్నారు. మీరేమంటారు?" అని అడిగారు.

నిక్షేపంలా వెళ్ళి రమ్మంటాను. ఆ ఊరు నేను చూసినదే. రైళ్ళు టైముకు నడుస్తాయి, వీధులు శుభ్రంగా వుంటాయి. దారి అడిగితే భాష రాకపోయినా వెంట వచ్చి చూపించేవారున్నారు. ఒంటరి ఆడమనిషి దొంగల గురించి అక్కడ పడవలసిన భయం తక్కువ. భయపడవలసినది మరొకటుంది. చుట్టాలెవరూ దాని పేరెత్తి వుండరు.

దోగో నీళ్ళు 42 డిగ్రీల సెంటీగ్రేడు దాపున వుంటాయి. వేర్వేరు బావుల నీళ్ళు కలిపి ఆ వేడికి తెస్తారు. మన ఒంటి వేడి 37. అటువంటి నీళ్ళలో మెడదాకా మునిగి కూర్చుంటే చర్మం కింది రక్తనాళాలన్నీ విప్పారి బి.పి. దిగుతుంది. కూర్చున్నంతసేపూ ఆ సంగతి మీకు తెలియదు. చుట్టూ వున్న నీటి బరువు కాళ్ళనూ పొట్టనూ నొక్కి రక్తాన్ని పైకి నెడుతూ వుంటుంది కనుక హాయిగానే వుంటుంది. లేచి నిలబడగానే ఆ నొక్కుడు పోతుంది. రక్తం కాళ్ళలోకి జారుతుంది, మెదడుకు చాలదు. కళ్ళు చీకట్లు కమ్ముతాయి. కింద చూస్తే తడిసిన రాతి నేల. బి.పి. మాత్రలు వేసుకునేవారికి, ప్రోస్టేటు గ్రంథికి మందులు వాడే మగవారికి యిది మరీ తొందరగా జరుగుతుంది. అంటే ప్రమాదం నీళ్ళలో దిగడంలో కంటే లేవడంలోనే ఎక్కువ వుంది. యిక నీళ్ళలోనే మగత కమ్మితే సంగతి చెప్పనక్కరలేదు. పుట్టినప్పటి నుంచీ వేడినీళ్ళకు అలవాటుపడిన జపాను వారిలోనే ఏటా వేలాదిమంది వృద్ధులు స్నానపు తొట్లలో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. అందులోనూ చలికాలంలో ఎక్కువ. చల్లటి గదిలో బట్టలు విప్పినప్పుడు బి.పి. పైకి లేస్తుంది, వేడినీళ్ళలో దిగినప్పుడు కిందికి పడుతుంది. గుండె ఈ రెంటి మధ్యా నలుగుతుంది.

అక్కడి ప్రభుత్వం తన వృద్ధులకు చెప్పే మాట ఒకటుంది: నీళ్ళు 41 డిగ్రీలు దాటకూడదు, స్నానం పది నిమిషాలు దాటకూడదు. దోగో నీళ్ళు మొదటి లెక్కను కొంచెం దాటే వున్నాయి. అందుచేత అలవాటులేని మన బి.పి. వారికి నేను చెప్పే లెక్క ఐదు నిమిషాలు. అదీ గుండెలోతు వరకే, మెడదాకా వద్దు. అయిదు నిమిషాలయ్యాక గట్టు మీద కూర్చుని కాళ్ళు మాత్రం నీళ్ళలో వుంచండి. ఒంట్లో బాగుంటే మళ్ళీ ఒకసారి దిగండి. బయటికి వచ్చేటప్పుడు ముందు గట్టు మీద కూర్చోవాలి, నిమిషం ఆగి, కమ్మీ పట్టుకుని నిలబడాలి. కళ్ళు తిరిగినట్లనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే నేల మీద పడుకోండి. పడిపోవడం కంటే పడుకోవడం నయం.

పక్కన మనిషి వుంటే "ముఖం కందిపోయింది, యిక లే" అంటారు. ఒంటరిగా వెళ్ళేవారికి ఆ కన్ను లేదు. దానికి నేను చెప్పే ఉపాయం మీకు నచ్చకపోవచ్చు. దోగోలో పెద్ద స్నానశాల 1894లో కట్టిన మూడంతస్తుల చెక్క భవనం. 2019లో మరమ్మతులు మొదలుపెట్టారు, 2024 జులై నుంచి మళ్ళీ పూర్తిగా తెరిచి వుంది. పైన బురుజులో తెల్లవారి ఆరు గంటలకు నగారా మోగిస్తారు. ఆ మోత వింటూ, జనం లేని వేళ, నిశ్శబ్దంగా స్నానం చేయాలని ఒంటరి ప్రయాణికులకు మహా సరదా. బి.పి. వున్నవారికి ఆ సరదా వద్దు. పరగడుపున, రాత్రంతా నీళ్ళు తాగక ఒళ్ళు ఎండి వున్న వేళ అది. పైగా పడిపోతే చూసే మనిషి వుండకపోవచ్చు. సాయంత్రం నలుగురూ వున్నప్పుడే వెళ్ళండి. రద్దీ విసుగే. కాని ఆ రద్దీయే మీకు తోడు.

నలుగురిలో అంటే మనవాళ్ళకు మరో యిబ్బంది. అక్కడ ఆడవారికి వేరు, మగవారికి వేరు గదులున్నా, లోపల ఒంటి మీద నూలుపోగు వుండకూడదు. మొదట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి, ఆ తరువాతే తొట్టిలో దిగాలి. మొదటి అయిదు నిమిషాలు సిగ్గు, తరువాత ఎవరూ ఎవరినీ చూడటం లేదని తెలుస్తుంది. ఆ కడుక్కునే ఆచారంలో వైద్యం కూడా వుంది. పాదాల నుంచి మొదలుపెట్టి చెంబుతో వేడినీళ్ళు మెల్లగా పోసుకుంటే రక్తనాళాలు ఒక్కసారిగా కాక నిదానంగా విప్పారుతాయి. ఎంత చెప్పినా సిగ్గు పోనివారికి కొన్ని హోటళ్ళలో విడిగా అద్దెకిచ్చే చిన్న స్నానపు గదులున్నాయి. బి.పి. వున్నవారు అందులో ఒంటరిగా గడియ వేసుకోవద్దు. దాని కంటే దోగో ట్రాము స్టేషను ఎదుట కాళ్ళు మాత్రం తడుపుకునే ఉచిత తొట్టి వుంది, అది మేలు.

ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, నడిస్తే ఛాతీ నొప్పి వచ్చేవారు, గుండె బలహీనతతో కాళ్ళు వాచేవారు, జ్వరం వున్నవారు, ఎక్కడైనా రక్తస్రావం వున్నవారు తొట్టిలో దిగరాదు. మూర్ఛలు వచ్చేవారు ఒంటరిగా అసలు దిగరాదు. ఇటువంటి జాబితా ప్రతి స్నానశాలలోనూ గోడకు పెట్టాలని అక్కడి చట్టం. సాధారణంగా అది జపాను భాషలోనే వుంటుంది. గర్భిణీ స్త్రీలను ఆ జాబితా నుంచి 2014లో తీసేశారు. అయినా మొదటి మూడు నెలల్లో ఒళ్ళు బాగా వేడెక్కేలా మునిగి కూర్చోవద్దనే చెబుతాను. బదరీనాథ్ యాత్రలో తప్తకుండంలో దిగే మన పెద్దవాళ్ళకు కూడా ఈ మాటలన్నీ వర్తిస్తాయి.

మధుమేహం వున్నవారికి రెండు సంగతులు. పాదాల్లో తిమ్మిరి వుంటే వేడి తెలియదు, చర్మం కాలినా తెలియదు. ముందు మోచేతితో నీళ్ళ వేడి చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు ఇంజెక్షను వేసుకున్న గంట రెండు గంటల్లో వేడినీళ్ళలో దిగితే మందు గబగబ రక్తంలోకి ఎక్కి చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు వస్తే స్నానం వలన అనుకుంటారు. బీరువాలో బట్టలతో పాటు నాలుగు చక్కెర బిళ్ళలు వుంచుకోండి.

యిక రోజును ఎలా గడపాలి? ఒసాకా నుంచి రైలులో ఒకాయమా మీదుగా నాలుగు గంటలకు దగ్గర పడుతుంది. ముందురోజు సాయంత్రానికే చేరి, దోగోలోనే బస చేయండి. మర్నాడు పొద్దున, కాళ్ళలో సత్తువ వున్నప్పుడే కోట. స్నానం తరువాత ఎక్కే పని పెట్టుకోవద్దు. కొండ 132 మీటర్లే. రోప్ వే చాలావరకు తీసుకువెళుతుంది. తరువాత కొంత ఎగువ నడక తప్పదు. జపానులో పాతకాలపు బురుజులు నిలిచివున్న కోటలు పన్నెండే, అందులో యిదొకటి. యిప్పుడున్న బురుజు 1854 నాటిది. లోపల జోళ్ళు విప్పి నిచ్చెనల్లాంటి మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు బయట నుంచి చూసినా ఊరూ సముద్రమూ కనిపిస్తాయి. మెట్లు దిగేటప్పుడే మోకాలు మొరాయిస్తుందని గుర్తుంచుకోండి.

దోగో దగ్గరే ఇషితేజి అనే బౌద్ధాలయం వుంది. షికోకు ద్వీపంలో 88 ఆలయాల పాదయాత్రలో అది 51వది. తెల్లబట్టలతో ఒంటరిగా నడిచే యాత్రికులు కనిపిస్తారు. తమ వెంట కూకై గురువు కూడా నడుస్తున్నాడని, తాము ఇద్దరమని వారి నమ్మకం.

ఒక వైద్యుడిగా నన్ను ఆ ఊళ్ళో పట్టి నిలిపింది మాత్రం షికి జ్ఞాపకార్థం పెట్టిన మ్యూజియం. మసావొకా షికి హైకూ కవి, 1867లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. క్షయ. 1895లో రక్తం కక్కుకుని, విశ్రాంతి కోసం సొంత ఊరు వచ్చి, అప్పుడక్కడ మాష్టారుగా వున్న మిత్రుడు నత్సుమె సోసెకి యింట్లో యాభై రోజులకు పైగా వున్నాడు. ఇద్దరూ దోగోకు కూడా వెళ్ళారు. క్షయ వెన్నుపూసలకు పాకి మంచం పట్టి, 1902లో 35 నిండకుండానే పోయాడు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కునేది 1943లో. ఆ తరువాత పెద్ద నవలాకారుడైన సోసెకి 1910లో కడుపులో పుండుకు విశ్రాంతిగా వుంటుందని షుజెంజి అనే మరో వేడినీటి బుగ్గల ఊరికి వెళ్ళి, అక్కడ విపరీతంగా రక్తం కక్కుకుని స్పృహ తప్పాడు. ఆ పుండే 1916లో ఆయన్ని తీసుకుపోయింది. వేడినీళ్ళు కీళ్ళ బిగుతు సడలిస్తాయి, నిద్ర పట్టిస్తాయి. జబ్బు మాన్పుతాయని ఎవరైనా చెబితే నమ్మి, మాత్రలు మానవద్దు.

భోజనం సంగతి. ఆ ప్రాంతపు గొప్ప వంటకం తై చేప అన్నం. యిది రెండు రకాలు. ఒకటి చేపను అన్నంతో కలిపి ఉడికించేది. రెండోది పచ్చి చేప ముక్కలను పచ్చి గుడ్డు, సోయా రసంతో కలిపి అన్నం మీద వేసేది. అరవై దాటినవారు, మధుమేహం వున్నవారు ఉడికించినదే అడగండి. చిన్న చేపలను ముళ్ళతో నూరి వేయించే జకోతెన్ రుచిగా వుంటుంది, ఉప్పు మాత్రం దండిగా వుంటుంది. ఉప్పే అక్కడి భోజనంలో అసలు చిక్కు. ఒక గిన్నె మిసో చారులో గ్రాముకు పైనే వుంటుంది. నూడుల్సు తిని చారంతా తాగితే, రోజు మొత్తానికి సరిపోయే అయిదు గ్రాములూ దాదాపు ఆ ఒక్క గిన్నెలోనే. ముక్కలు తిని చారు వదిలేయండి. (ఆవకాయ గిన్నె ముందు పెట్టుకుని జపాను వారి ఉప్పును తప్పుపట్టే అర్హత మనకు లేదనుకోండి.) శాకాహారులు తెలుసుకోవలసింది ఏమంటే, కూరగాయల వంటకంలా కనిపించినా చారు చేపలతో కాచినదే వుంటుంది. కమలాపండ్లకు ఆ జిల్లా ప్రసిద్ధి. మధుమేహం వున్నవారు రసం తాగకుండా ఒక పండు ఒలుచుకు తినండి. మధ్యాహ్న భోజనం తరువాత ఒక కునుకు తీసి, సాయంత్రం గ్లాసెడు నీళ్ళు తాగి స్నానానికి వెళ్ళండి. సారాయి పుచ్చుకునే అలవాటున్న మగవారు స్నానానికి ముందు దాని జోలికి పోవద్దు.

మందులు నెల రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే పెట్టుకోండి. నెలకు మించితే జపాను ప్రభుత్వం నుంచి ముందే అనుమతి పత్రం తెప్పించుకోవాలి. మన దగ్గర జలుబుకు వేసుకునే సూడోఎఫెడ్రిన్ మాత్రలు, కొడీన్ దగ్గు మందులు మోతాదును బట్టి అక్కడ నిషిద్ధం. వాటిని యింట్లోనే వదిలేయండి. మీ జబ్బులు, మందుల పేర్లు, కొడుకు ఫోను నంబరు జపాను భాషలో ఒక అట్టమీద వ్రాయించి, ఒకటి మెడ సంచిలో పెట్టుకుని, రెండోది హోటలు గుమాస్తాకివ్వండి. స్నానానికి వెళ్ళేటప్పుడు ఎన్నింటికి తిరిగి వస్తారో కూడా అతనికి చెప్పండి. అంబులెన్సుకు 119. దానికి డబ్బు తీసుకోరు. ఆసుపత్రి బిల్లు మాత్రం భారీగా వుంటుంది, బి.పి., మధుమేహం దాచకుండా వ్రాసి ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకున్నాకే టిక్కెట్టు కొనండి.